వంగపండు రంగు టీమ్ వెనకాల పద్నాలుగు రోజులు

సెప్టెంబర్ 4, గురువారం. సనీవేల్ నుంచి సాన్ ఫ్రాన్సిస్కో

సాయంత్రం నాలుగు కాకుండానే లాప్‌టాప్ మూసేసి, ఆఫీసు క్యాలెండర్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ అని పెట్టి (అబద్ధమే), అమ్మనీ మా చిన్నదాన్నీ వెంటేసుకుని కాల్‌ట్రైన్ ఎక్కాను. అమ్మ తెనాలి నుంచి జూలైలో వచ్చింది. గోల్డెన్ గేట్ అయింది, లివర్‌మోర్ గుడి మూడుసార్లు అయింది, కాస్ట్‌కోకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కే లేదు. ఇక ఆవిడకి చూపించాల్సింది నా పిచ్చి ఒక్కటే మిగిలింది, దాని పేరు గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది అమెరికాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 13వ టీమ్. 2025 మే 16న మొదటి ఆట ఆడింది, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ చేతిలో 84-67తో చిత్తుగా ఓడింది. 2008లో అట్లాంటా డ్రీమ్ వచ్చాక లీగ్‌లోకి కొత్త టీమ్ రావడం మళ్ళీ ఇదే. మగవాళ్ళ బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ యజమానులే దీనికీ యజమానులు, ఆడేదీ వాళ్ళ చేజ్ సెంటర్‌లోనే. సీజన్ టికెట్లు 10 వేలు దాటించిన మొదటి మహిళా ప్రొఫెషనల్ టీమ్ ఇదేనట. ఆ పది వేలలో రెండు సీట్లు మావి, పై అంతస్తులో, దాదాపు కప్పుకి తగిలేటంత ఎత్తులో. నలుగురు స్నేహితురాళ్ళం చీటీ వేసుకున్నట్టు డబ్బులు వేసుకుని కొన్నాం, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు వెళ్తాం. ఇవాళ నా వంతు, మూడో సీటు విడిగా కొనాల్సొచ్చింది.

రైల్లో అమ్మ అడిగింది, వాల్కిరీస్ అంటే ఏమిటే అని. పాతకాలం స్కాండినేవియా పురాణాల్లో యుద్ధంలో చచ్చిపోయిన వీరుల్ని ఏరి వాల్హల్లా అనే లోకానికి తీసుకెళ్ళే కన్యలు అని చెప్పాను. "వీరస్వర్గానికి తీసుకెళ్ళే అప్సరసలన్నమాట" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నేను ఏడాదిన్నరగా ఆఫీసులో మనవాళ్ళకి ఈ పేరు ఎలా వివరించాలా అని కొట్టుకుంటున్నాను, ఇంత తేలిగ్గా తేలిపోయింది. చేజ్ సెంటర్‌కి మావాళ్ళు బాల్‌హల్లా అని ముద్దుపేరు పెట్టుకున్నారని చెప్తే అది మాత్రం ఆవిడకి నచ్చలేదు.

ఫోర్త్ అండ్ కింగ్ దగ్గర దిగి మ్యూనీ ట్రామ్ ఎక్కాం, ఆట టికెట్ ఉంటే ట్రామ్‌కి వేరే టికెట్ అక్కర్లేదు. ట్రామ్ నిండా ఊదా రంగే. "వంగపండు రంగు" అని అమ్మ దిద్దింది. నిజమే, ఆ రంగు చీర బీరువాలో లేని ఆడమనిషి మా ఊళ్ళో ఉండదు.

ఇవాళ్టి ఆట డల్లాస్ వింగ్స్‌తో, పేజ్ బెకర్స్ అనే స్టార్ ఉన్న టీమ్. వాళ్ళకి ఇక ఆశలేమీ లేవు, మనం గెలిస్తే ప్లేఆఫ్స్, అంటే సీజన్ అయ్యాక టైటిల్ కోసం పై టీమ్‌లు ఆడే ఆటలు. లీగ్ చరిత్రలో మొదటి సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌కి వెళ్ళిన కొత్త టీమ్ ఒక్కటీ లేదు. ఆశలు లేనివాళ్ళు ఎప్పుడూ ప్రమాదం, భయం లేకుండా ఆడతారు, అనుకున్నట్టే ఆఖరి దాకా వదల్లేదు. 84-80. గంట మోగాక ఆ 18,064 మంది చేసిన రొదకి అమ్మ చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది, పెట్టుకునే నవ్వింది. ఆ అంకె పొరపాటున వేసింది కాదు, చేజ్ సెంటర్ నిండితే పట్టే జనం అంతే. ఈ సీజన్‌లో సొంతింట్లో ఆడిన 22 ఆటలకీ అంతే మంది వచ్చారు. గుణించుకోండి, 3,97,408. అంతకుముందు లీగ్‌లో ఏ టీమ్‌కీ ఒక సీజన్‌లో ఇంత జనం రాలేదు.

తిరుగు రైలు పదిన్నర దాటాక. చిన్నది నిద్రపోయింది. అప్పుడు ఫోన్ చూస్తే ప్లేఆఫ్స్ గురించి ఒక తమాషా కబురు. మన ఇంట్లో ఆడాల్సిన ఆట మన ఇంట్లో జరగదట. సెప్టెంబర్ 19 నుంచి 21 దాకా చేజ్ సెంటర్‌లో లేవర్ కప్ టెన్నిస్, ఎప్పుడో ఖాయమైపోయిన బుకింగ్. అందుకని ప్లేఆఫ్ ఆట సాన్ హోసేలో ఎస్ఏపీ సెంటర్‌కి మార్చారు. కొత్త టీమ్ మొదటి ఏడాదే ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు! అమ్మకి చెప్తే "కల్యాణ మండపం మనదే, ముహూర్తం కుదిరేసరికి ఎవరికో అద్దెకిచ్చేశారు" అంది.

సెప్టెంబర్ 8, సోమవారం. సియాటిల్

మధ్యలో శనివారం నాడు మిన్నెసోటా లింక్స్ వచ్చి మనల్ని ఓడించి పోయారు. అది టీవీలో చూశాను. ఇక మిగిలినవి రెండే ఆటలు, రెండూ బయట ఊళ్ళలో, మంగళవారం సియాటిల్, గురువారం మిన్నియాపొలిస్. సియాటిల్ పక్కన బాతెల్‌లో మా పెద్దమ్మ కూతురు ఉంది, మిన్నియాపొలిస్ పక్కన ఈడెన్ ప్రైరీలో మా తమ్ముడు ఉన్నాడు. అమ్మ వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఎప్పుడొస్తారు ఎప్పుడొస్తారు అని ప్రాణం తీస్తున్నారు. అంటే ఇది చుట్టాల్ని చూసే ప్రయాణం. మా ఆయనకి అలాగే చెప్పాను. ఆయన మ్యాచ్‌ల షెడ్యూల్ ఫోన్‌లో తీసి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు. చిన్నదానికి స్కూలు, అది తండ్రి దగ్గరే ఉంటుంది.

విమానం మూడు గంటలు లేటు, కారణం మూడుసార్లు మూడు రకాలుగా చెప్పారు. సియాటిల్‌లో దిగేసరికి చీకటి, వాన. అక్క పప్పుచారు చేసి పెట్టింది. అదే చెప్పుకోదగ్గ విషయం.

సెప్టెంబర్ 9, మంగళవారం. క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా

పగలంతా అక్క ఇంట్లో కూర్చుని ఆఫీసు పని. మధ్యాహ్నం మౌంట్‌లేక్ టెర్రస్ స్టేషన్ దగ్గర కారు పెట్టి లైట్ రైల్లో వెస్ట్‌లేక్, అక్కడి నుంచి మోనోరైలు. 1962 ప్రపంచ ప్రదర్శనకి వేసిన మోనోరైలు ఇది, ఎక్కి కూర్చునేలోపే దిగిపోవాలి, రెండు నిమిషాల ప్రయాణం. దిగిన చోటే స్పేస్ నీడిల్, కొంచెం నడిస్తే అరీనా. ఆ అరీనా కప్పు కూడా అప్పటిదే. కప్పుని అలాగే పైన నిలబెట్టి కింద అంతా తవ్వి కొత్తది కట్టారు. అమ్మకి ఇది అస్సలు నమ్మబుద్ధి కాలేదు, మన దగ్గరైతే ముందు కప్పు పడగొట్టి తర్వాత ఏం కట్టాలో ఆలోచిస్తారు అంది.

బయట సూ బర్డ్ విగ్రహం ఉంది. మూడు వారాలైంది పెట్టి, ఆగస్టు 17న. డబ్ల్యూఎన్‌బీఏ క్రీడాకారిణికి ఆమె ఆడిన టీమ్ అరీనా బయట విగ్రహం పెట్టడం ఇదే మొదలు. 2002లో డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే పద్ధతి అది) మొదటి పేరుగా వచ్చి 2022లో ఆట మానేసేదాకా ఆవిడ ఇక్కడి సియాటిల్ స్టార్మ్ ఒక్క టీమ్‌కే ఆడింది, నాలుగు టైటిళ్ళు. నేను విగ్రహం ముందు నిలబడి ఫోటో తీయించుకుంటుంటే ఒకావిడ, అరవై పైబడ్డ మనిషి, నా ఊదా చొక్కా చూసి ఆగింది. సియాటిల్ స్టార్మ్ మొదటి సీజన్ నుంచీ వస్తోందట, 2000 నుంచి. "ఆ ఏడాది 32 ఆడితే 6 గెలిచాం" అని చెప్పింది, ఆ ఆరింటినీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేటట్టే ఉంది. మీకు మొదటి ఏడాదే ప్లేఆఫ్సా, అదృష్టవంతులు, కానీ ఓడిపోవడం నేర్చుకోలేదు మీరు ఇంకా, అని నవ్వుతూనే ఒక చురక పెట్టింది.

ఆ మాట నాకు రాత్రంతా తిరుగుతూనే ఉంది. ఎందుకంటే నేను ఈ టీమ్‌ని పట్టుకున్న కారణమే అది. పద్నాలుగేళ్ళుగా బే ఏరియాలో ఉంటున్నాను. ఆఫీసులో లంచ్ దగ్గర ఇక్కడి ఫుట్‌బాల్ టీమ్ ఫార్టీనైనర్స్ అంటారు, వాళ్ళ పాత హీరో జో మోంటానా అంటారు, 2015లో వారియర్స్ గెలిచినప్పుడు నేను ఫలానా చోట ఉన్నానంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. వాళ్ళ నాన్నలు, తాతలు తీసుకెళ్ళిన ఆటలవి, నేను ఎంత చదివినా అది బట్టీ పట్టిన పాఠమే. వాల్కిరీస్‌కి అలా కాదు. మే 16న ఆ హాల్లో ఉన్న ఎవరికీ నాకంటే ఒక్క రోజు కూడా ఎక్కువ చరిత్ర లేదు. ఎవరైనా "అప్పట్లో నువ్వు చూడాల్సింది" అంటే, నేనూ చూశాను అనగలను. ఇంత వయసొచ్చాక ఒక ఊదా చొక్కా కొనుక్కుని పిచ్చిగా అరుస్తున్నానంటే అందుకే.

ఈ టీమ్‌ని ఎలా కూర్చారో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సియాటిల్‌కి దాంతో సంబంధం ఉంది. 2024 డిసెంబర్ 6న ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ జరిగింది. పాత టీమ్‌లు 12, ఒక్కో టీమ్ ఆరుగురిని వీళ్ళు మావాళ్ళు అని దాచుకోవచ్చు, మిగిలినవాళ్ళలోంచి టీమ్‌కి ఒకరు చొప్పున కొత్తవాళ్ళు తీసుకోవచ్చు. అంటే ఇంటింటికీ వెళ్ళి తలా ఒక వంకాయ అడిగి తెచ్చి గుత్తి వంకాయ వండటం, వాళ్ళు మంచి కాయలన్నీ లోపల పెట్టేసుకున్నాక. వాల్కిరీస్ 11 మందినే తీసుకున్నారు. ఒక్క ఇంటి నుంచి ఏమీ తెచ్చుకోలేదు, ఆ ఇల్లు సియాటిల్. ఈ సంగతి ఇవాళ పక్క సీట్లో కుర్రాడికి గుర్తు చేస్తే "మా దగ్గర పనికిరానివాళ్ళు లేరు మరి" అన్నాడు. ఒప్పుకోవాలి, దెబ్బకి దెబ్బ.

ఆట సంగతి. గెలిస్తే వాళ్ళకీ ప్లేఆఫ్స్, ఇదే వాళ్ళ ఆఖరి ఆట. 74-73. ఒక్క పాయింట్‌తో పోయింది. స్కై‌లర్ డిగ్గిన్స్, నెకా ఓగ్వుమికే లాంటివాళ్ళు పదేళ్ళ పైబడి ఈ లీగ్‌లో ఉన్నారు, ఆఖరి రెండు నిమిషాల్లో వాళ్ళ మొహాల్లో హడావుడే లేదు. మనవాళ్ళ మొహాల్లో ఉంది. పై నుంచి చూస్తుంటే కూడా తెలుస్తోంది.

అమ్మ మోనోరైల్లో "ఒక్క పాయింటేగా" అంది, ఓదార్పుగా. నేను మాట్లాడలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం. విమానంలో

సియాటిల్ నుంచి మిన్నియాపొలిస్‌కి మూడు గంటల పైన, గడియారంలో రెండు గంటలు ఎక్కువ పోతాయి. టీమ్‌లకి ఇప్పుడు చార్టర్ విమానాలు, 2024 నుంచి. అంతకుముందు ఆరడుగుల నాలుగంగుళాల మనుషులు కూడా మనలాగే మధ్య సీట్లో మోకాళ్ళు ముడుచుకుని వెళ్ళేవాళ్ళు. అమ్మకి ఇది చెప్పగానే పక్కనున్న పొడుగాటి అబ్బాయి వైపు జాలిగా చూసింది. వాడు బాస్కెట్‌బాల్ ఆడేవాడు కాదు, నిద్రపోతున్నాడు.

సెప్టెంబర్ 11, గురువారం. టార్గెట్ సెంటర్

ఓడిపోయాం. ఆట గురించి చెప్పడానికి ఏమీ లేదు, బంతి లోపలికి పోనని మొండికేసింది. ఈ ఓటమితో 23 గెలుపులు, 21 ఓటములు, 8వ స్థానం. అంటే ఆదివారం మళ్ళీ ఇదే హాలు, ఇదే లింక్స్, ఈసారి ప్లేఆఫ్స్. మా తమ్ముడు ముందే అన్నాడు, "అక్కా, మూడు రోజులు ఎటూ పోవద్దు, ఇక్కడే ఉండిపో" అని. వాడికి ఆట గురించి ఏమీ తెలియదు, అమ్మ చేత అరిసెలు చేయించుకోవాలని వాడి ప్లాన్.

సెప్టెంబర్ 12, 13. ఈడెన్ ప్రైరీ, మేపుల్ గ్రోవ్

శుక్రవారం మరదలు, అమ్మ, నేను వంటింట్లో. అరిసెలు ఒత్తుతూ కోచ్ గురించి చెప్పాను. నటలీ నకాసే, ఐదడుగుల రెండంగుళాలు, అంటే అమ్మ కంటే ఒక్క అంగుళం ఎక్కువ. యూసీఎల్ఏలో స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి నిలబడింది, లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో వీడియోలు కత్తిరించే ఇంటర్న్‌గా మొదలుపెట్టి, లాస్ వేగస్ ఏసెస్ రెండు టైటిళ్ళు గెలిచినప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా ఉంది. డబ్ల్యూఎన్‌బీఏలో హెడ్ కోచ్ అయిన మొదటి ఆసియన్ అమెరికన్. ఈ సీజన్ కోచ్ ఆఫ్ ద ఇయర్ కూడా చివరికి ఆవిడకే వచ్చింది. జూన్‌లో యూరప్ దేశాల పోటీ యూరోబాస్కెట్ కోసం మన సాలాన్, జండలసిని, ఫాగ్బెన్లే, ఇలా సగం టీమ్ యూరప్ వెళ్ళిపోయింది. జూలైలో కేలా థార్న్‌టన్, మన టీమ్ నుంచి ఆల్‌స్టార్ (లీగ్‌లో మేటి ఆటగాళ్ళంతా ఆడే ఆట) కి ఎంపికైన మొదటి మనిషి, ప్రాక్టీసులో మోకాలు దెబ్బ తిని సీజన్ అంతా కూర్చుంది. ఎవరైనా ఇక చాలు అనుకునేవాళ్ళు. ఈవిడ మాత్రం రోజుకో అయిదుగురితో ఏదో ఒకటి చేసి, డిఫెన్స్ మీద నెట్టుకొచ్చింది. ఇక వెరోనికా బర్టన్. కనెక్టికట్ వాళ్ళు దాచుకోకుండా వదిలేసిన అమ్మాయి. నిరుడు ఆటకి మూడు పాయింట్లు వేసేది, ఈ ఏడు పన్నెండుకి దగ్గర. మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ ఆ అమ్మాయికే ఇచ్చారు. వంకాయ పుచ్చా కాదా అన్నది కోసేదాకా తెలియదు మరి.

జీతాలు ఎంతని మరదలు అడిగింది. 2025లో కనీస జీతం 66 వేల డాలర్ల చిల్లర. వంటిల్లు కాసేపు నిశ్శబ్దం. మా ఆఫీసులో నిన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి అంతకంటే ఎక్కువ. ఈ జూలైలో ఆల్‌స్టార్ ఆట ముందు అందరూ "మాకు ఇవ్వాల్సింది మాకివ్వండి" అని రాసిన చొక్కాలు వేసుకొచ్చారని చెప్పాను. అమ్మ అరిసె నూనెలో వేస్తూ "అడిగితే తప్పేముంది" అంది.

అప్పుడే బయటపడింది ఇంకో సంగతి. 1974లో తెనాలిలో పదో తరగతిలో అమ్మ టెన్నికాయిట్ ఆడేదట. రబ్బరు రింగు విసిరి పట్టుకునే ఆట, మన ఆడపిల్లల స్కూళ్ళలో అదే ఉండేది. జిల్లా పోటీలకి గుంటూరు వెళ్ళి ఒక స్టీలు గ్లాసు గెలుచుకొచ్చిందట. నలభై ఏళ్ళు ఆ గ్లాసుతో మంచినీళ్ళు తాగాను నేను, ఒక్కసారి చెప్పలేదు. అడిగితే "చెప్పేదేముంది, పెళ్ళైంది, మానేశాను" అంది. ఇక్కడ అమెరికాలో స్కూళ్ళలో, కాలేజీల్లో ఆడపిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇచ్చి తీరాలనే చట్టం, టైటిల్ నైన్, 1972లో వచ్చింది. ఇవాళ్టి ఈ లీగ్‌కి పునాది అదే. రెండేళ్ళ తేడాలో రెండు చోట్ల ఆడపిల్లలు. నేను ఇంకేమీ అనలేదు, తమ్ముడు మాత్రం ఆ గ్లాసు ఇప్పుడెక్కడుందని మూడుసార్లు అడిగాడు.

శనివారం మేపుల్ గ్రోవ్‌లో గుడికి. మహాలయ పక్షాలు కదా, జనం తక్కువ. మా టీమ్ కోసం దణ్ణం పెట్టుకున్నావా అని అడిగితే, "అవతలివాళ్ళు 34 గెలిచి 10 ఓడారన్నావుగా, దేవుణ్ణి ఇబ్బంది పెట్టకూడదు" అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం. మళ్ళీ టార్గెట్ సెంటర్

బ్లూ లైన్ రైలు దిగి నడిచాం. ఎదురుగా ఫస్ట్ అవెన్యూ క్లబ్బు, గోడ నిండా నక్షత్రాలు, ప్రతి నక్షత్రంలో అక్కడ పాడినవాళ్ళ పేరు. చలికాలంలో ఇక్కడ మనుషులు భవనాల మధ్య గాల్లో కట్టిన గాజు వంతెనల్లోంచే తిరుగుతారట, తమ్ముడు చూపించాడు. సెప్టెంబర్‌లో ఎండ బావుంది, మాకు అవసరం రాలేదు.

లోపల తల ఎత్తితే బ్యానర్లు. 2011, 2013, 2015, 2017. లింక్స్ 1999లో మొదలైన టీమ్, మొదటి పన్నెండేళ్ళలో ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. 2011లో మాయా మోర్ వచ్చింది, ఇక చూసుకోండి. వాళ్ళ బెంచి మీద అసిస్టెంట్ కోచ్‌లలో రెబెకా బ్రన్సన్ ఉంది. ఈమె కథ నాకు ఇష్టం. 2005లో శాక్రమెంటో మోనార్క్స్‌తో టైటిల్ గెలిచింది. అదీ మా వైపు టీమే, మా ఇంటి నుంచి రెండు గంటల దారి. 2009లో యజమానులు వదిలేస్తే ఆ టీమ్ మూతపడింది, ఆటగాళ్ళని మిగతా టీమ్‌లు పంచుకున్నాయి, ఈమె మిన్నెసోటా వచ్చి ఇంకో నాలుగు గెలిచింది. ఉత్తర కాలిఫోర్నియాకి పదహారేళ్ళు డబ్ల్యూఎన్‌బీఏ టీమ్ లేకపోవడం అంటే అదీ. మన జండలసిని కూడా ఇక్కడి నుంచి తెచ్చుకున్న వంకాయే, తనని పరిచయం చేసినప్పుడు జనం కొంచెం చప్పట్లు కొట్టారు. అది మర్యాదగా అనిపించింది.

ఆ తర్వాత మర్యాద లేదు. 101-72. వాళ్ళ నఫీసా కాలియర్‌ని ఆపడానికి ఒకరు వెళ్తే కేలా మెక్‌బ్రైడ్ ఖాళీగా ఉంటుంది, ఇద్దరు వెళ్తే ఇంకెవరో. అమ్మ మూడో క్వార్టర్‌లో "మనవాళ్ళు అలిసిపోయారే" అంది. మనవాళ్ళు అన్నది గమనించాను.

సెప్టెంబర్ 15, సోమవారం

ఇంటికి. అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాలుగు గంటలు.

సెప్టెంబర్ 17, బుధవారం. సాన్ హోసే

ఈ ఆట అసలు మనకి దక్కడమే ఒక మార్పు వల్ల. నిరుటి దాకా మొదటి రౌండ్‌లో మొదటి రెండు ఆటలూ పై స్థానం టీమ్ ఇంట్లోనే జరిగేవి. రెండూ ఓడితే కింది టీమ్ జనం ఒక్క ఆట కూడా చూడకుండా సీజన్ ముగిసేది. ఈ ఏడాది నుంచి అక్కడొకటి, ఇక్కడొకటి, అవసరమైతే మళ్ళీ అక్కడొకటి. పాత పద్ధతే ఉంటే మేం ఆదివారం ఓడాక ఇంకో ఓటమి కోసం మిన్నియాపొలిస్‌లోనే కూర్చోవాల్సొచ్చేది.

సనీవేల్ నుంచి డిరిడాన్ స్టేషన్‌కి రైలు, దిగి రోడ్డు దాటితే ఎస్ఏపీ సెంటర్. ఐస్ హాకీ టీమ్ షార్క్స్ ఇల్లు అది, పరాయి ఇల్లే, కానీ నాకు చేజ్ సెంటర్ కంటే దగ్గర. మా నలుగురు స్నేహితురాళ్ళమూ ఇవాళ కలిసే వచ్చాం, మా ఆయన, చిన్నది కూడా. గేటు దగ్గర ఒకాయన పాత శాక్రమెంటో మోనార్క్స్ చొక్కా వేసుకుని నిలబడ్డాడు, రంగు వెలిసిపోయింది. దాంట్లోనూ ఊదా ఉంది కాబట్టి దూరం నుంచి మనవాడే అనుకుంటారు.

టీమ్ మస్కట్, అంటే టీమ్ గుర్తుగా బొమ్మ వేషంలో తిరిగేది, వయొలెట్ అనే బొంతకాకి. మెట్ల మీద డాన్స్ చేస్తూ మా వరస దగ్గరికి వచ్చింది. అమ్మ ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. పక్షాల్లో కాకి ఎదురొస్తే ఏమనుకుంటామో మీకు తెలుసు. "మీ తాతయ్య వచ్చాడు చూడడానికి" అని చిన్నదాని చెవిలో చెప్పింది. అది నమ్మేసి కాకికి చెయ్యి ఊపింది. కాకి కూడా ఊపింది.

ఆట మొదలయ్యాక నాకు వరసగా గుర్తులేదు. ఒక దశలో 17 పాయింట్లు ముందున్నాం, లీగ్‌లో నెంబర్ వన్ మీద, 17. జనం కూర్చోవడం మానేశారు. మా ఆయన, నన్ను చూసి నెలల తరబడి నవ్విన మనిషి, ముందు వరస అతనితో చేతులు కొట్టించుకుంటున్నాడు. నేను లోపల లెక్కలు మొదలుపెట్టాను, మూడో ఆట శుక్రవారం, టికెట్ ఎంత, సెలవు ఎలా. అదే తప్పు. ఆ సియాటిల్ ఆవిడ చెప్పింది కదా, మాకు ఇంకా ఓడిపోవడం రాదు, గెలుస్తున్నప్పుడు ఎలా ఉండాలో అంతకన్నా రాదు. లింక్స్ తొందరపడలేదు. రెండు, మూడు, ఒకసారి మనల్ని ఆపడం, మళ్ళీ రెండు. పదిహేడు పదయింది, పది నాలుగయింది, ఎప్పుడు దాటిపోయారో చూసుకునేలోపు ఒక్క పాయింట్ వెనకున్నాం. ఆఖరి షాట్ మనదే. పడలేదు. 75-74.

మళ్ళీ ఒక్క పాయింటే. ఈసారి అమ్మ ఆ మాట అనలేదు.

జనం కదల్లేదు. ఎవరో మొదలుపెట్టారు, తర్వాత హాలంతా నిలబడి చప్పట్లు. టీమ్ లోపలికి వెళ్ళబోయి ఆగి, చుట్టూ తిరిగి చూశారు. థార్న్‌టన్ ఈ రెండు ఆటల్లో ఆడి ఉంటే అని నాలుగు వరసల అవతల ఒకడు అంటున్నాడు, ఇంకొకడు వద్దంటున్నాడు. ఇక ఈ వాదన ఇరవై ఏళ్ళు నడుస్తుంది, నేను కూడా నడుపుతాను. చిన్నది ఏడ్చింది, కాసేపే. తర్వాత ఆకలేస్తోందంది.

డిరిడాన్ ప్లాట్‌ఫారమ్ మీద చలిగాలి. రైలు రావడానికి ఇంకా పదకొండు నిమిషాలు. అమ్మ నా ఊదా చొక్కా మీద తన శాలువా సగం కప్పింది. వచ్చే నెల ఆవిడ తెనాలి వెళ్ళిపోతుంది.

"మళ్ళీ ఎప్పుడు మొదలెడతారు వీళ్ళు?"

"మేలోనమ్మా."

"రాత్రి ఏడింటికంటే మనకెంత?"

"పొద్దున్న ఏడున్నర. మర్నాడు."

కాసేపు లెక్క వేసుకుంది. "అయితే పనమ్మాయిని తొమ్మిది తర్వాత రమ్మంటాను."